పతాక కెమెరా ఎవరి కొరకు?

నౌకాదళంలో సేనాధిపతి ఎక్కిన ఓడ మీద ఆయన పతాకం ఎగురుతుంది. ఆ ఓడను ఇంగ్లీషువారు ఫ్లాగ్‌షిప్పు అంటారు. కెమెరా నిర్మాతలు ఈ మాటను అరువు తెచ్చుకొని, తాము చేసే వాటిలో అన్నిటికన్న దృఢమైన, వేగవంతమైన, ఖరీదైన కెమెరాకు పెట్టినారు. తెలుగులో దీనిని పతాక కెమెరా అనవచ్చును. జపాను దేశపు పెంటాక్స్ సంస్థ, వృత్తిదారుల కొరకు అద్దం గల డిజిటల్ పతాక కెమెరా ఒకటి నిర్మింపవలెనా, అక్కరలేదా అన్న వాదం ఛాయాచిత్రకారులలో చాల కాలంగా నడుస్తున్నది.

ఇది ఒక కంపెనీ లాభనష్టాల లెక్క మాత్రమే అనుకొనరాదు. అద్దం గల డిజిటల్ కెమెరాలు 2012లో ప్రపంచమంతటా కోటీ 60 లక్షలకు పైగా నిర్మాతల నుండి అంగళ్ళకు వెళ్ళినవి. 2023 నాటికి ఆ సంఖ్య 12 లక్షల లోపునకు పడిపోయినది. ఆ స్థానాన్ని అద్దం లేని కెమెరాలు ఆక్రమించినవి. 2020లో తెచ్చిన పతాక కెమెరాయే ఈ రకంలో తమకు కడపటిదని కెనాన్ సంస్థ అధిపతి 2021లో ప్రకటించినాడు. సోనీ సంస్థ అద్దపు కెమెరాల వరుసను అదే సంవత్సరంలో ముగించినది. పెంటాక్స్ మాత్రం అద్దపు కెమెరాను విడువబోమని 2020లో తన ఆశయ ప్రకటనలో చెప్పినది. కాబట్టి ఆ సంస్థ తన పరిమితమైన ధనాన్ని, ఇంజనీర్ల శ్రమను దేనిపై వెచ్చిస్తుందన్న దాని మీద ఒక పరికర జాతి భవిష్యత్తు చాలవరకు ఆధారపడి ఉన్నది.

ఈ వాదంలో ఉభయపక్షాలవారూ సంఖ్యలను ఎక్కువగా, చేయవలసిన పనిని తక్కువగా ప్రస్తావిస్తారు. పనిని ముందు పెట్టుకొని విచారిస్తే విషయం తేటపడుతుంది. అందుకు రాయలసీమ దక్షిణపు అంచున ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు చక్కగా ఉపకరిస్తవి. ఒకచోట చిన్న పక్షి, ఒకచోట పెళ్ళిపందిరి, ఒకచోట సందెవేళ అడవి ఏనుగు. ఈ మూడింటినీ చిత్రించడంలో కెమెరాకు మూడు వేరు వేరు పరీక్షలు ఉన్నవి.

అద్దం చేసే పని

ముందుగా పరికరాన్ని తెలుసుకొనవలెను. ఈ కెమెరాలో చూచుటకూ, చిత్రం తీయుటకూ లెన్సు ఒక్కటే. లెన్సు వెనుక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉన్నది. లోనికి వచ్చిన కాంతి ఆ అద్దంపై పడి పైకి మళ్ళి, గరుకు గాజు పలక మీద ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. ఆ ప్రతిబింబంలో కుడి ఎడమలు తారుమారై ఉంటవి. పైన ఉన్న ఐదు మూలల పట్టకం దానిని సరిదిద్ది కంటికి అందిస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టరు తెర తెరుచుకుంటుంది, కాంతి సెన్సారు అనే గ్రాహక ఫలకం మీద పడుతుంది. తెర మూసుకొనగానే అద్దం తిరిగి యథాస్థానానికి దిగుతుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో ముగుస్తుంది.

పరావర్తనం, వక్రీభవనం, ప్రతిబింబ నిర్మాణం అనే మూడు పాఠాలు ఒకే పెట్టెలో ఉన్నందున పాఠశాల ప్రయోగశాలకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అద్దం లేని కెమెరాలో కన్ను చూచేది చిన్న విద్యుత్ తెరను. అద్దపు కెమెరాలో కన్ను చూచేది వస్తువు నుండి వచ్చిన కాంతినే. పెంటాక్స్ పట్టుదలకు ఇదే మూలం.

అయితే ఆ అద్దమే వేగానికి అడ్డు కూడా. ప్రతి చిత్రానికీ అది లేచి దిగవలెను. సెకనుకు పది పదిహేను సార్లు ఒక గాజుపలకను ఎత్తి, దించి, అదరకుండా నిలుపుటకు బలమైన యంత్రాంగం కావలెను. పతాక కెమెరా ఖరీదులో ఒక భాగం దీనికే పోతుంది. 2020లో వచ్చిన కెనాన్ 1డి ఎక్స్ మార్క్ 3 కెమెరా అద్దాన్ని ఆడిస్తూ సెకనుకు 16 చిత్రాలు తీస్తుంది. దాని షట్టరు 5 లక్షల చిత్రాలకు తగినదని నిర్మాతల మాట. బ్యాటరీతో సహా బరువు దాదాపు కిలోన్నర. విడుదలనాటి వెల, లెన్సు కాక, 6,499 డాలర్లు. అదే సంవత్సరం వచ్చిన నికాన్ డి6 కూడా వెలలోనూ, బరువులోనూ దీనికి సాటి. పెంటాక్స్ 2016లో తెచ్చిన కె-1 కెమెరా సెకనుకు 4.4 చిత్రాలు మాత్రమే తీస్తుంది. దాని విడుదలనాటి వెల 1,799 డాలర్లు. పతాక కెమెరా కావలెననేవారు ఈ అంతరాన్ని పూరింపుమంటారు.

మదనపల్లె పక్షి

మదనపల్లెకు చేరువలోని ఋషివ్యాలీ లోయ 1991లో పక్షుల రక్షణ ప్రదేశంగా ప్రకటింపబడినది. అక్కడి రాతిగుట్టలలోనూ, హార్స్‌లీ కొండలలోనూ పసుపు గొంతు పిగిలిపిట్ట కనిపిస్తుంది. దక్షిణ భారతంలోని రాతికొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పక్షి ఇది. దాని ఉనికికి ముప్పు ఉన్నదని శాస్త్రజ్ఞులు గుర్తించినారు. ముక్కు నుండి తోక వరకు పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. పొదల మాటున తిరిగే ఈ బెదురుగొట్టు పక్షికి 20 మీటర్ల కన్న దగ్గరగా పోవడం సాధారణంగా వీలుపడదు అనుకొందము.

విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. లెన్సు నాభ్యంతరం 400 మి.మీ., వస్తువు దూరం 20,000 మి.మీ. అయినప్పుడు ఆవర్ధనం 400ను 19,600తో భాగించగా వచ్చేది, అనగా సుమారు 0.0204. దీనితో 200 మి.మీ. పొడవును గుణిస్తే సెన్సారుపై పక్షి ప్రతిబింబం 4.1 మి.మీ. మాత్రమే. కెమెరా ఏదైనా, వెల ఎంతైనా, ఈ నాలుగు మిల్లీమీటర్లు మారవు. వాటిని నిర్ణయించేవి లెన్సు, దూరం.

మారేది ఆ నాలుగు మిల్లీమీటర్లలో ఎన్ని పిక్సెళ్ళు అనగా ఎన్ని చిత్రబిందువులు ఉన్నవన్నదే. కెనాన్ పతాక కెమెరా సెన్సారు 36 మి.మీ. వెడల్పులో 5,472 పిక్సెళ్ళు ఉన్నవి. అందుచేత పక్షి పొడవున సుమారు 620 పడుతవి. కె-1లో అదే వెడల్పున 7,360 ఉన్నందున సుమారు 840 పడుతవి. 2021లో పెంటాక్స్ తెచ్చిన కె-3 మార్క్ 3లో సెన్సారు చిన్నది. 23.3 మి.మీ. వెడల్పులోనే 6,192 పిక్సెళ్ళు ఇరికించినారు. అక్కడ పక్షికి 1,080 దాకా పడుతవి. అనగా, మంచి వెలుతురులో కొమ్మమీద కూర్చున్న పిగిలిపిట్ట గొంతు రంగును, ఈకల అమరికను నమోదు చేయుటలో పతాక కెమెరా అన్నిటికన్న వెనుకబడినది!

పక్షి ఎగిరినప్పుడు కథ మారుతుంది. అది సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతున్నదనుకొంటే, కె-1 తీసే రెండు చిత్రాల నడుమ 2 మీటర్ల 27 సెంటీమీటర్లు దాటిపోతుంది. పతాక కెమెరాలో ఆ ఎడం 62 సెంటీమీటర్లే. రెక్క విప్పిన క్షణం దొరకుటకు ఇది గొప్ప లాభం. ఈ విషయంలో పతాక కెమెరా పక్షంవారి మాట నిజమే. అయితే కె-3 మార్క్ 3 సెకనుకు 12 చిత్రాలు తీస్తుంది. అందులో ఎడం 83 సెంటీమీటర్లు. దాని విడుదలనాటి వెల 1,999 డాలర్లు. అంతరంలో అధికభాగం పతాకం ఎగురవేయకుండానే పూడినదన్నమాట.

కుప్పం ఏనుగు

1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుండి ఏనుగులు చిత్తూరు సీమకు వలస వచ్చినవి. వాటి కొరకే కుప్పం, పలమనేరు అడవులలో కౌండిన్య అభయారణ్యం ఏర్పడినది. ఏనుగులు చీకటి పడువేళ చేలమీదికి వస్తవి. అప్పుడు కొరవడేది వేగం కాదు, వెలుతురు.

వెలుతురును పట్టేవి రెండు: సెన్సారు వైశాల్యం, లెన్సు రంధ్రం. 36, 24 మి.మీ. కొలతలు గల పూర్తి సెన్సారు, కె-3లోని చిన్న సెన్సారుకన్న సుమారు 2.4 రెట్లు పెద్దది. ఈ లాభాన్ని కె-1 అప్పుడే ఇచ్చివేసినది. పతాక కెమెరాలో ఉండేదీ అదే కొలత గల సెన్సారు కనుక, వైశాల్యం వలన అదనంగా వచ్చే కాంతి లేదు. ఇక లెన్సు విషయం. ఎఫ్ సంఖ్య సగమైతే లోనికి వచ్చే కాంతి నాలుగు రెట్లు అవుతుంది. ఎఫ్ 5.6 లెన్సుకు బదులు ఎఫ్ 2.8 లెన్సు ఉన్నవాడు, సెకనులో 50వ వంతు పట్టే చిత్రాన్ని 200వ వంతులో తీయగలుగుతాడు. నడిచే ఏనుగు చెదరకుండా పడుటకు ఈ తేడా చాలును. కెమెరా లోపల సెన్సారును కదిలించి చేతి వణుకును సరిచేసే ఏర్పాటు పెంటాక్స్‌లో ఉన్నది. అది చేతి వణుకునే సరిచేస్తుంది. ఏనుగు నడకను ఆపలేదు.

ఇక్కడే పెంటాక్స్ అసలు లోపం బయటపడుతుంది. 2015లో ఆ సంస్థ తెచ్చిన 150 నుండి 450 మి.మీ. వరకు సాగే లెన్సు, పూర్తిగా సాగినప్పుడు ఎఫ్ 5.6 మాత్రమే. కెనాన్, నికాన్ సంస్థలకు 400 మి.మీ. ఎఫ్ 2.8, 600 మి.మీ. ఎఫ్ 4 లెన్సులు ఉన్నవి. పెంటాక్స్ డిజిటల్ యుగంలో అటువంటివి కొత్తగా తేలేదు. ఈ లెన్సులు లేకుండా పతాక కెమెరా ఒక్కటే చేయడం, నీళ్ళు లేని బావికి పెద్ద కపిల కట్టడం వంటిది.

ఇంకొక సంగతి. చీకటిలో అడవి ఏనుగును కెమెరాతో వెంబడించడం ప్రాణాపాయం. జంతువుల లెక్కకు శాస్త్రజ్ఞులు వాడేవి, చెట్టుకు కట్టి వదలిన చిన్న కెమెరాలు. జంతువు ఒంటి వేడిని, కదలికను పసిగట్టి అవే చిత్రం తీస్తవి. వాటిలో అద్దమూ లేదు, పతాకమూ లేదు.

పుంగనూరు పెళ్ళి

వృత్తిదారుల కెమెరా అన్నప్పుడు ఏ వృత్తి అని అడుగవలెను. పతాక కెమెరాలు ముఖ్యంగా ఒలింపిక్ క్రీడారంగాన్నీ, పెద్ద వార్తాసంస్థలనూ మనసులో పెట్టుకొని రూపొందినవి. కాని మన జిల్లాలలో ఛాయాచిత్రం తీసి జీవించేవారిలో అధికులు స్టూడియోలవారు, పెళ్ళిళ్ళవారు. పుంగనూరులో పెళ్ళి చిత్రించేవానికి సెకనుకు 16 చిత్రాలు అక్కరలేదు. అతనికి కావలసినది ఒక్కటే: మాంగల్యధారణ వేళ కెమెరా మొరాయింపరాదు. ఆ ముహూర్తం తిరిగి రాదు.

ఈ భద్రత దేనివలన వస్తుంది? ఒక పెళ్ళిలో కెమెరా చెడిపోయే సంభావ్యత వెయ్యింట ఒకటి అని లెక్క కొరకు అనుకొందము. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కెమెరాలు చేత ఉంటే, రెండూ చెడిపోయే సంభావ్యత పది లక్షలలో ఒకటికి దిగుతుంది. ఒంటరి పతాక కెమెరా ఇంత భద్రత ఇవ్వవలెనంటే అది వెయ్యి రెట్లు గట్టిది కావలెను. ఏ యంత్రమూ అట్లుండదు. విడుదలనాటి వెలల ప్రకారం పతాక కెమెరా ఒక్కదాని వెలకు కె-1లు మూడు వచ్చి, లెన్సుకు కొంత డబ్బు మిగిలేది కూడ. పైగా కె-1లో రెండు కార్డులకు చోటున్నది. ఒకటి పాడైనా చిత్రాలు రెండవదానిలో ఉంటవి.

ఈ ఊరి పేరు మోసే ఆవును చూచినా ఇదే నీతి. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లే. పెద్ద జాతులతో పోలిస్తే పాల కొలత తక్కువ. కాని వెన్న శాతం 8 వరకు ఉంటుంది, మేత కొద్దిగా చాలును, వానలు తక్కువైన నేలకు ఓర్చుకొంటుంది. పాడి విలువ మేతతో పోల్చి చూడవలసినది గాని ఆవు ఎత్తుతో కాదు. పనిముట్టు విషయంలోనూ అంతే.

చరిత్ర చెప్పేది

పెంటాక్స్‌కు ఇది కొత్త ప్రశ్న కాదు. ఆసాహీ అనే పేరుతో 1919లో పుట్టిన ఈ సంస్థ, 35 మి.మీ. ఫిల్ముపై పనిచేసే మొదటి జపాను అద్దపు కెమెరాను 1952లో చేసినది. 1957లో ఐదు మూలల పట్టకం అమర్చి ఆసాహీ పెంటాక్స్‌ను తెచ్చినది. 1980లో వృత్తిదారుల కొరకు ఎల్ఎక్స్ అనే పతాక కెమెరాను నిర్మించినది. దుమ్ము, తేమ చొరకుండా కట్టుదిట్టాలు, మార్చుకొనదగిన దర్శినులు, బ్యాటరీ లేకున్నా కొన్ని వేగాలలో పనిచేసే షట్టరు — అది నిజంగా ఘనమైన కెమెరా. 2001 వరకు తయారైనది. అయినా వార్తాసంస్థల వారు నికాన్, కెనాన్‌లను విడువలేదు.

అదే సంస్థ 1976లో కె1000 అనే సాదా కెమెరాను విడుదల చేసినది. అంతా చేతితో సరిచేసుకొనవలసినదే. కాంతిమాపకం తప్ప మరే అలంకారం లేదు. 1997 వరకు అది 30 లక్షలకు పైగా అమ్ముడుపోయినది. ఎన్నో దేశాలలో విద్యార్థులు దానితోనే ఛాయాచిత్రకళకు ఓనమాలు దిద్దినారు. పెంటాక్స్ పేరు నిలిపినది పతాక కెమెరా కాదు, పాఠశాల కెమెరా.

మూడవ ఉదాహరణ మరింత తీవ్రమైనది. 2000లో పెంటాక్స్ పూర్తి సెన్సారు గల 60 లక్షల పిక్సెళ్ళ డిజిటల్ కెమెరా నమూనాను ప్రదర్శించినది. ఖర్చు పెరిగిపోవుటచే మరుసటి సంవత్సరమే ఆ పని మానుకొన్నది. దాని మొదటి డిజిటల్ అద్దపు కెమెరా 2003లో గాని వెలువడలేదు. పూర్తి సెన్సారు 2016 వరకు రాలేదు. శక్తికి మించిన నమూనా వెంటబడితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, కాలం కూడా.

ఎదుటి పక్షం

పతాక కెమెరా కావలెననేవారి వాదాలలో రెండు గట్టివి ఉన్నవి. పైస్థాయి కెమెరా కొరకు కనిపెట్టిన మెళకువలు కొన్నేళ్ళకు చౌక కెమెరాలలోనికి దిగివస్తవన్నది మొదటిది. ఇది నిజమే. కాని అందుకు పైస్థాయి కెమెరాయే అక్కరలేదు. కె-3 మార్క్ 3లోని 101 బిందువుల ఫోకసు ఏర్పాటు ఏ పతాక కెమెరా నుండీ దిగిరాలేదు. ఆ సంస్థ దానిని నేరుగా మధ్యస్థాయి కెమెరాకే తయారుచేసినది.

రెండవది ప్రతిష్ఠ. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ కెమెరా ఆ సంస్థను ప్రపంచ ప్రఖ్యాతం చేసినదని వారు గుర్తుచేస్తారు. అయితే నికాన్ ఎఫ్ ఒంటరిగా రాలేదు. దాని చుట్టూ లెన్సులు, దర్శినులు, ఫిల్మును తిప్పే మోటారు, పిమ్మట మరమ్మతు కేంద్రాలు ఒక వ్యవస్థగా పెరిగినవి. నేడు ఒలింపిక్ క్రీడల వద్ద పెద్ద సంస్థలు దుకాణం తెరిచి, విలేఖరులకు లెన్సులు ఎరువిచ్చి, చెడిన కెమెరాలను అక్కడికక్కడే బాగుచేస్తవి. వృత్తిదారుడు కొనేది ఆ నమ్మకాన్ని. ఆ వ్యవస్థ లేని సంస్థ కెమెరాను మాత్రం పోటీకి నిలిపితే, సేన లేని సేనానికి ఓడ కట్టించినట్లే.

ఇట్లని పెంటాక్స్ ఇప్పటి తీరును మెచ్చుకొనడానికీ వీలులేదు. కె-1లో ఫోకసు బిందువులు 33 మాత్రమే. అవి చట్రం నడుమ గుమికూడి ఉన్నవి. పక్షి చట్రం అంచుకు జరిగితే వాటికి అందదు. 2018లో వచ్చిన మార్క్ 2లోనూ అవే 33, అదే సెన్సారు కొలత. ఈ లోపం పతాక కెమెరా లేకపోవుటచే వచ్చినది కాదు, ఉన్న కెమెరాను అశ్రద్ధ చేయుటచే వచ్చినది. అదే 2018లో ఆ సంస్థ ఒక మెచ్చదగిన పని చేసినది. పాత కె-1 ఉన్నవారు రుసుము చెల్లిస్తే లోపలి విద్యుత్ పలకను మార్చి మార్క్ 2తో సమానం చేసి ఇచ్చినది. చిన్న సంస్థకు తగిన మార్గం ఇది. 1975లో మొదలైన కె మౌంటు లెన్సులు నేటి కెమెరాకు కూడ అమరుతవి. ఏ పాఠశాల బీరువాలోనైనా పాత కె1000 లెన్సు ఉంటే అది వ్యర్థం కాలేదు. ఫోకసు చేతితో తిప్పుకొనవలెను.

తీర్పు

కావున పెంటాక్స్ క్రీడారంగపు పతాక కెమెరాను నిర్మింపనక్కరలేదు. నిర్మిస్తే దాని వెలను చెల్లించగలవారు పెంటాక్స్ దగ్గరికి రారు, పెంటాక్స్‌ను నమ్మినవారు ఆ వెలను చెల్లించలేరు. చేయవలసినవి మూడు. చట్రం అంతటా ఫోకసు పరచుకొన్న, సెకనుకు ఎనిమిది పది చిత్రాలు తీయగల కె-1 వారసుడు ఒకటి. ఎఫ్ 4 రంధ్రం గల, భుజాన మోయదగిన దూరపు లెన్సు ఒకటి. విడిభాగాలు, మరమ్మతు చాలకాలం దొరుకునన్న హామీ ఒకటి. ఈ మూడూ ఉంటే మదనపల్లెలోని పక్షి పరిశీలకునికి, పుంగనూరులోని స్టూడియోవానికి, కుప్పంలోని ఉపాధ్యాయునికి అద్దపు కెమెరా మరికొంత కాలం పనికివస్తుంది. ఈ మూడూ లేని పక్షంలో పతాకం ఎంత ఎత్తున ఎగిరినా అద్దపు కెమెరా నిలువదు.

పాఠశాల కొరకు కెమెరా కొనదలచిన ఉపాధ్యాయులు పేరును చూడక, పైన చేసిన లెక్కలను తరగతిలో విద్యార్థులచేత చేయించవలెను. ఏ వస్తువు, ఎంత దూరం, ఎంత వెలుతురు, ఎంత వేగం అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసుకొన్న పిమ్మట వెలల పట్టిక తెరవవచ్చును. చాలసార్లు కొనవలసినది కొత్త కెమెరా కాదనీ, ఉన్నదానికి ఇంకొక మంచి లెన్సు అనీ తేలుతుంది.